అద్దాల వసారాని ఏడాది పొడుగునా వాడుకోవడం ఎలా

ఇంటి ముందు వసారాకో, మేడ మీద ఖాళీ మూలకో అల్యూమినియం ఫ్రేములూ అద్దాలూ బిగించి, పైన స్లాబో పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ రేకులో వేయించుకున్న గదులు రాజమండ్రి నుంచి నరసాపురం దాకా చాలా ఇళ్లలో కనిపిస్తున్నాయి. గ్లాస్ రూమ్ అంటారు కొందరు, సిటౌట్ అంటారు ఇంకొందరు. కట్టిన ఏడాది సంక్రాంతికి ఇంటిల్లిపాదీ అందులోనే కూర్చుంటారు. ఏప్రిల్ రాగానే వేడి భరించలేక తలుపు వేసేస్తారు. మరుసటి ఏడాదికి అందులోకి పాత కుర్చీలు, ఖాళీ అట్టపెట్టెలు, గాలిపోయిన సైకిలు చేరతాయి. అంత డబ్బు పోసి కట్టుకున్న గది సామాన్ల కొట్టు అయిపోతుంది. అలా కాకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు.

ఇలాంటి గది పుట్టింది చలిదేశాల్లో. బయట మంచు పడుతుంటే లోపల నారింజ, నిమ్మ చెట్లను బతికించుకోవడానికి అద్దాలు కట్టుకున్నారు. ఎండ అద్దంలోంచి లోపలికి వస్తుంది. దాంతో కాగిన నేలా గోడలూ విడిచే వేడిని మాత్రం అదే అద్దం ఆపేస్తుంది. వాళ్లకి కావలసింది అదే. మన గోదావరి డెల్టాలో మేలో వేడి, జూలై నుంచి నవంబరు దాకా చెమ్మ. అందుకని ఇక్కడ ఈ గదికి ముఖ్యమైన పని వేడినీ చెమ్మనీ బయటికి పంపడం. మామూలు గదిలా తలుపు వేసి మరిచిపోతే పనికిరాదు. రోజుకి కనీసం మూడుసార్లు చెయ్యి తగలాలి: పొద్దున్న, ఎండ ముదిరే ముందు, పొద్దు వాలాక. మిగతాదంతా ఆ మూడుసార్లూ ఏం చెయ్యాలన్నదే.

ముందు వారం రోజులు గదిని గమనించండి

కొన్ని వందల రూపాయల్లో ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటరు దొరుకుతుంది. దాన్ని కుర్చీలో కూర్చున్న మనిషి తల ఎత్తున, నేరుగా ఎండ తగలని చోట తగిలించండి. పొద్దున్న 7కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 4కి, రాత్రి 9కి లోపలి లెక్కా బయటి లెక్కా రాసుకోండి. మధ్యాహ్నం లోపల బయటికన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువుంటే ఫర్వాలేదు. అయిదు డిగ్రీలు దాటిందంటే గాలి పోయే దారి చాలదు, లేదా పడమటి ఎండ ఆపకుండా లోపలికి వస్తోంది. రెండిట్లో ఏదో గంటలే చెబుతాయి: ఒంటిగంటకే ఎక్కువుంటే గాలి లోపం, నాలుగింటికి ఒక్కసారిగా పెరిగితే పడమటి ఎండ.

తేమకి మీటరు లేకపోయినా ఒక ఉపాయం ఉంది. పళ్లెంలో చెంచాడు మెత్తటి ఉప్పు పోసి గదిలో ఉంచండి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు చెమ్మగిల్లుతుంది. గళ్లుప్పు వాడకండి; అందులో ఉండే మెగ్నీషియం లవణాల వల్ల అది ఇంకా ముందే నీరు కారుతుంది, లెక్క తప్పుతుంది. పొద్దున్నకి ఉప్పు తడిసిందంటే ఆ గదిలో అప్పడాలు ఎండవు, పుస్తకాలకి బూజు పడుతుంది.

ఎండ ఎటునుంచి వస్తుందో కూడా తెలియాలి. గోదావరి డెల్టా సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మే మొదటి వారంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటినుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట కాస్త ఉత్తరానికే ఉంటాడు. అంటే దక్షిణపు అద్దాలు మండు వేసవిలో మధ్యాహ్నం నీడలో ఉంటాయి, చలికాలంలోనే ఎండ తాగుతాయి. చాలామంది భయపడి దక్షిణం వైపు మందపాటి కర్టెన్లు వేసి పడమరని వదిలేస్తారు. కాల్చేది పడమరే. మూడింటి నుంచి అయిదున్నర దాకా ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి సన్‌షేడ్ కింద నుంచే గదిలోకి దూరిపోతుంది.

గాలికి రెండు దారులు

వేడి గాలి పైకి లేస్తుంది. కిటికీలన్నీ నడుము ఎత్తులోనే ఉంటే తలపైన వేడి గూడు కట్టి అక్కడే ఉండిపోతుంది. కింద ఒక దారి, కప్పుకి ఆనుకుని ఇంకో దారి ఉండాలి. రెండూ వీలైనంత ఎదురెదురుగా ఉంటే ఇంకా మంచిది. తెరిచే ఖాళీ మొత్తం కలిపి గది నేలలో అయిదో వంతు ఉండాలని పెట్టుకోండి. 10 అడుగులకి 12 అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. దానికి 24 చదరపు అడుగుల ఖాళీ కావాలి.

ఇక్కడ లెక్క తప్పేవాళ్లు ఎక్కువ. రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. 4 అడుగులకి 4 అడుగుల కిటికీ 16 చదరపు అడుగులే అయినా గాలికి దక్కేది 8. దానికి దోమల మెష్ బిగిస్తే గాలి ఇంకా తగ్గుతుంది. కొత్తగా చేయించేవాళ్లు గాలి వచ్చే వైపైనా స్లైడింగ్ మాని, పూర్తిగా తెరుచుకునే రెక్కల కిటికీలు పెట్టించుకోవడం మేలు. ఇప్పటికే స్లైడింగ్ ఉంటే కప్పు కింద అడుగు ఎత్తున, ఏటవాలుగా తెరుచుకునే గాజు పలకల లూవర్లు పెట్టించండి. వాన పడుతున్నా వాటిని తెరిచి ఉంచవచ్చు. అదీ కుదరకపోతే 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, వీలైనంత పైన, పడమటి గోడకి కాకుండా వేరే గోడకి. ఎదురుగా కింద కిటికీ తెరవకుండా ఎగ్జాస్ట్ ఒక్కటే వేస్తే అది హాల్లోని గాలిని లాగుతుంది, గది వేడి అలాగే ఉంటుంది.

సీలింగ్ ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటికి గాలి తగిలిస్తుంది అంతే. రేకుల కప్పు కింద మధ్యాహ్నం పూట అది పైనున్న వేడి గాలిని కిందికి తోస్తుంది కూడా. ఆ వేళలో టేబుల్ ఫ్యానే నయం. ఈ గదికి ఏసీ పెట్టించాలన్న ఆలోచన వస్తే మానుకోండి. అద్దాల్లోంచి వచ్చే ఎండని ఏసీతో తోడిపోయడమంటే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

నీడ అద్దానికి బయటే ఉండాలి

కర్టెను లోపల వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. కర్టెను వేడెక్కుతుంది, ఆ వేడి గదిలోనే ఉంటుంది. అదే నీడ బయట కడితే వేడి బయటే ఆగిపోతుంది. తేడా మొదటి రోజే మీటరులో కనిపిస్తుంది.

పడమరకి 75 శాతం ఎండని ఆపే షేడ్‌నెట్, తూర్పుకి 50 శాతం ఆపేది చాలు. నెట్టుకీ అద్దానికీ మధ్య కనీసం 6 అంగుళాల ఖాళీ వదలండి. అతికించినట్టు కడితే కాగిన నెట్టు అద్దాన్నీ కాలుస్తుంది. పైన ఒక పైపు, కింద ఒక పైపు పెట్టి, చుట్టి పైకి ఎత్తేలా కట్టించుకోండి. శాశ్వతంగా బిగించేస్తే చలికాలంలో గది చీకటి కొట్టు అవుతుంది, తుఫానుకి విప్పడం కూడా కష్టం. వెదురు తెరలు చూడ్డానికి బాగుంటాయి, కానీ వానలో తడిస్తే రెండేళ్లకే నల్లబడతాయి. తొలకరికి తీసి ఆరబెట్టి దాచుకునే ఓపిక ఉంటేనే కొనండి.

వట్టివేళ్ల తడికెల గురించి ఒక మాట. పడమటి గాలి పొడిగా వీచే రోహిణి కార్తెలో అవి నిజంగా చల్లబరుస్తాయి. సముద్రపు గాలి తిరిగి ఉక్కపోత మొదలైన రోజున వాటిని తడపకండి. గాలి అప్పటికే నీళ్లతో నిండి ఉంటుంది, తడికె ఆరదు, గదిలో చెమ్మ పెరిగి ఇంకా ఉక్క పోస్తుంది.

మామూలు అద్దానికి లోపలినుంచి నల్లటి సన్ ఫిల్మ్ అంటించేవాళ్లున్నారు. ఫిల్మ్ ఎండని మింగి అద్దాన్ని కాగబెడుతుంది. సగం నీడలో సగం ఎండలో ఉన్న పలక అయితే ఒకవైపు సాగి, ఒకవైపు సాగక అంచునుంచి పగులు పుడుతుంది. టఫెండ్ (గట్టిపరిచిన) అద్దం అయితే ఆ భయం తక్కువ. స్లాబు పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింటో సున్నమో వేస్తే గది వేడి బాగా తగ్గుతుంది. కానీ సున్నం నీళ్లు అల్యూమినియం ఫ్రేము మీదికి కారనివ్వకండి. సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది, తెల్లటి మచ్చలు పడితే మళ్లీ పోవు.

కప్పు పాలికార్బొనేట్ రేకైతే నాలుగు సంగతులు సరిచూసుకోండి. యూవీ పూత ఉన్న వైపు పైకి ఉండాలి. రేకు మీద అంటించి వచ్చే ప్లాస్టిక్ కాగితం మీద ఏ వైపో రాసి ఉంటుంది. తిరగేసి వేస్తే కొద్ది ఏళ్లలోనే పసుపెక్కి పెళుసవుతుంది. వాలు అడుగుకి అంగుళమైనా ఉండాలి. రేకులోని గొట్టాలు వాలు వెంబడే సాగాలి. పై చివర గట్టి అల్యూమినియం టేపుతో మూసి, కింది చివర గాలి ఆడే సన్నని రంధ్రాల టేపు అంటించాలి. లేకపోతే లోపల నీరు చేరి పాచి పడుతుంది. నాలుగోది మరలు. ఎండకి ఈ రేకు సాగుతుంది: 3 మీటర్ల రేకు 30 డిగ్రీల తేడాకి దాదాపు 6 మిల్లీమీటర్లు. మర పట్టేంత రంధ్రమే పెడితే సాగడానికి చోటు లేక మర చుట్టూ పగులుతుంది, అక్కడే కారుతుంది. రంధ్రం మర కంటే 3 మిల్లీమీటర్లు పెద్దగా ఉండి, పైన రబ్బరు వాషరు ఉండాలి. సిలికాన్ పూయిస్తే న్యూట్రల్ రకమే అడగండి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం పాలికార్బొనేట్‌ని పాడుచేస్తుంది. ఈ రేకుల్ని సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డతోనే కడగాలి. గిన్నెల పీచూ పౌడరూ తగిలితే గీతలు పడి మసకబారతాయి.

వాన రాకముందే చేయాల్సిన పని

స్లైడింగ్ కిటికీ పట్టాలకి బయటి వైపు చిన్న చీలికలుంటాయి. పట్టాలో చేరిన వాననీరు పోయేది వాటిలోంచే. ఏడాదిలో దుమ్ము, చీమల మట్టి, చనిపోయిన పురుగులు చేరి అవి పూడిపోతాయి. మృగశిర రాకముందే పాత టూత్‌బ్రష్‌తో పట్టా తోమి, సన్నని తీగతో చీలికలు పొడిచి, చెంబుడు నీళ్లు పట్టాలో పోసి చూడండి. నిమిషంలోపు బయటికి పోవాలి. లోపలికి పొంగితే ఎంత సీలెంటు పూసినా వసారా తడుస్తూనే ఉంటుంది. అద్దాల గదుల్లో నీరు కారుతోందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఈ చెంబుడు నీళ్లే.

మిగిలిన కారడం ఎక్కువగా రేకు ఇంటి గోడని కలిసే చోట. గోడకి పైపైన సిలికాన్ పూస్తే ఏడాదికి ఊడుతుంది. గోడలో అంగుళం లోతు గాడి కొట్టి, అల్యూమినియం రేకు మడత అందులోకి దూర్చి, గాడిని మూయించాలి.

ఇక రోజువారీ పని

వేసవిలో పొద్దున్న లేవగానే కింది కిటికీలు, పై లూవర్లు అన్నీ తెరవండి. హాలు తలుపు కూడా. రాత్రి చల్లబడ్డ గాలి ఇల్లంతా తిరుగుతుంది. తొమ్మిదిన్నర, పదింటికి రెండోసారి: హాలు తలుపు మూసేయాలి, వసారా కిటికీలు మాత్రం తెరిచే ఉంచాలి. ఇది చాలామందికి తిరకాసుగా తోస్తుంది. మందపాటి గోడల పాత ఇంట్లో పగలు కిటికీలు మూసుకుంటే చల్లగా ఉంటుంది నిజమే. అద్దాల గదిని మూస్తే పొయ్యి అవుతుంది. ఆ వేడి హాల్లోకి రాకుండా మధ్య తలుపు మూస్తే వసారా ఇంటికి గొడుగులా పనిచేస్తుంది. మూడింటికల్లా పడమటి నెట్టు దించాలి. పొద్దు వాలాక నెట్టు ఎత్తి, దోమల మెష్ వేసి, నేల మీద ఒక్కసారి తడిగుడ్డ పెట్టండి. కాగిన టైల్స్ మీద బక్కెట్లతో నీళ్లు కుమ్మరిస్తే గంటసేపు ఆవిరి కమ్ముకుంటుంది. రాత్రి తొమ్మిది తర్వాత హాలు తలుపు తెరిచి పడుకోండి, మెష్ గట్టిగా ఉంటే.

వర్షాకాలంలో తుఫాను రోజున తప్ప లూవర్లు ఎప్పుడూ మూయకండి. గాలివాన వచ్చే వైపు కిటికీలు మూసి, వెనక వైపువి తెరవండి. ధనుర్మాసంలో పని తిరగబడుతుంది. పొద్దున్నే అద్దాల లోపలి వైపు నీటి బొట్లు కడతాయి. బయటి చలికి అద్దం చల్లబడి, లోపలి తేమ దాని మీద నీరవుతుంది. ఏడింటికి గుడ్డతో తుడిచి గంటసేపు తెరవండి. అది కారి కిటికీ గట్టు మీద నిలిస్తే ఫ్రేము మూలల్లో నల్లటి బూజు పడుతుంది. ఎండ ఎక్కాక తొమ్మిది నుంచి నాలుగు దాకా హాలు తలుపు బార్లా తీయండి. ఆ కొద్ది నెలలే ఈ గది ఇంటిని వెచ్చబెట్టేది.

పెద్దవాళ్లని పొద్దుటెండకి కూర్చోబెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. విటమిన్ డి తయారయ్యేందుకు కావలసిన కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. ఎండ ఒంటికి పట్టాలంటే అద్దం జరపాల్సిందే. మూసిన అద్దం వెనక వెచ్చదనం మాత్రమే దక్కుతుంది.

వడియాలు, చల్లమిరపకాయలు, మాగాయ

డెల్టా ఇళ్లకి ఈ గది చేసే గొప్ప ఉపకారం ఇదే. కాకి ముట్టుకోదు, ఉడత ఎత్తుకుపోదు, రోడ్డు దుమ్ము పడదు, మబ్బు పడితే పరుగెత్తి ఎత్తాల్సిన పని లేదు. కానీ ఎండ ఎక్కడ పడుతుందో చూడకుండా పళ్లెం పెడితే మూడోనాటికి ముక్క వాసన వస్తుంది.

దక్షిణపు కిటికీ పైన, నేలకి 7 అడుగుల ఎత్తులో 2 అడుగుల సన్‌షేడ్ ఉందనుకోండి. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నపు ఎండ నేల మీద సుమారు 4 అడుగుల లోపలిదాకా వస్తుంది. జనవరి చివరికి అది మూడడుగులకి తగ్గుతుంది. ఫిబ్రవరి చివరికి అడుగు మాత్రమే మిగులుతుంది. అంటే సంక్రాంతి వెళ్లాక పెట్టే వడియాల పళ్లేన్ని వారం వారం కిటికీ దగ్గరికి జరుపుతూ పోవాలి. మే నెల మాగాయకి దక్షిణపు కిటికీ ఉపయోగపడదు. పదకొండు దాకా తూర్పు, రెండు దాటాక పడమర; ఆ పూట నెట్టు ఎత్తేయాలి. కప్పు పారదర్శకమైన రేకైతే ఈ గొడవే లేదు, నడుమ పెట్టుకోవచ్చు.

బూడిద గుమ్మడి వడియాలకి ముక్కలు చిన్నగా తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా బరువు కింద ఉంచండి. నీరు ఎంత దిగితే లోపల అంత త్వరగా ఎండుతాయి. పిండి గట్టిగా రుబ్బుకోండి. జారుగా ఉంటే పరుచుకుపోయి అడుగున తడి ఉండిపోతుంది. నేల మీద గుడ్డ పరిచి పెట్టే అలవాటు బయట ఎండకి సరిపోతుంది. గదిలో మాత్రం రెండడుగుల ఎత్తు స్టాండు మీద నెట్టు బిగించిన చట్రం పెట్టి, దానిపై పలచటి నూలు గుడ్డ వేసి వడియాలు పెట్టండి. కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. రెండోనాడు గుడ్డ వెనక నీళ్లు చల్లి ఊడదీసి తిరగేయండి. అద్దం కొంత ఎండని మింగుతుంది కాబట్టి బయట మూడు రోజులు పట్టేవి లోపల నాలుగు పట్టొచ్చు. ఆ నాలుగు రోజులూ లూవర్లు తెరిచి ఉండాలి. వేడిగా ఉంది కదా అని మూస్తే వడియాల నీరు ఆవిరై గదిలోనే తిరిగి, రాత్రికి మళ్లీ వాటిమీదే దిగుతుంది. చేత్తో కుదిపితే గలగలలాడాలి. ఒకటి విరిస్తే మధ్యలో మెత్తదనం ఉండకూడదు.

చల్లమిరపకాయలకి ఈ గది పెట్టింది పేరు. చీల్చిన మిరపకాయల్ని ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో మూడు రోజులు ఊరనిచ్చి, తర్వాత పగలు పళ్లెంలో ఎండబెట్టి రాత్రి మళ్లీ అదే మజ్జిగలో వేయాలి. మజ్జిగ ఇంకిపోయేదాకా ఇలా తిప్పాలి కదా, బయటికీ లోపలికీ మోయడం తప్పుతుంది. మాగాయ ముక్కలు మూడోనాడు పిండి ఎండబెట్టేటప్పుడు ఊట ఉన్న గిన్నె మీద పలచటి గుడ్డ కట్టి పక్కనే ఎండలో ఉంచండి. తాండ్ర సంగతి వేరు. ఆత్రేయపురంలో చేసినట్టు పొర మీద పొర పోయాలంటే కింది పొర పూర్తిగా ఆరాలి. దానికి నేరుగా పడే ఎండ రోజంతా కావాలి. కప్పు స్లాబు అయితే ఇక్కడ ప్రయత్నించకండి.

ముసురులో బట్టలు

మెషీన్లో పిండిన 5 కిలోల బట్టల్లో ఇంకా రెండున్నర, మూడు లీటర్ల నీరు ఉంటుంది. అదంతా గది గాలిలోకే పోతుంది. లూవర్లు తెరిచి, ఎగ్జాస్ట్ వేసి, కింద కిటికీ ఒకటి జానెడు తీయండి. తీగ మీద బట్టకీ బట్టకీ నాలుగు వేళ్ల సందు ఉండాలి. మందపాటి తువ్వాళ్లు అంచునా, పలచనివి మధ్యనా. టేబుల్ ఫ్యాను గాలి బట్టల వెంబడి పారేలా పక్కనుంచి పెట్టండి. హాలు తలుపు మూయకపోతే ఆ మూడు లీటర్లూ బీరువాల్లోకి చేరతాయి. వడియాలూ బట్టలూ ఒకే రోజు వద్దు.

మొక్కలు

కడియం నర్సరీల్లో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కని తెచ్చి నేరుగా పడమటి అద్దం పక్కన పెడితే వారంలో ఆకులు మాడతాయి. మొదటి పది రోజులు అద్దానికి నాలుగడుగుల లోపల ఉంచి, తర్వాత మెల్లగా జరపండి. ఈ గదికి నచ్చేవి మనీ ప్లాంటు, అగ్లోనిమా, స్నేక్ ప్లాంటు, ఫెర్నులు, ఆంథూరియం, డెండ్రోబియం ఆర్కిడ్లు. తమలపాకు తీగ ఇక్కడి నీడకీ చెమ్మకీ పందిరి అల్లుకుంటుంది. చామంతి, బంతి, గులాబీ మాత్రం బయటే పెట్టండి. వాటికి కావలసినంత ఎండ అద్దాల గదిలో దొరకదు.

చేలోని నల్లటి బంకమట్టి కుండీలో పోయకండి. ఆరితే రాయి, తడిస్తే బురద. ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక వంతు, వర్మీ కంపోస్టు ఒక వంతు కలపండి. కోకోపీట్‌లో ఉప్పు ఉండొచ్చు. నానబెట్టి పిండి నీళ్లు పారబోయడం మూడుసార్లు చేయాలి. తీరానికి దగ్గరి ఊళ్లలో బోరునీరు కూడా ఉప్పనే. కుండీ అంచున తెల్లటి పొర, ఆకు కొనలు గోధుమరంగు కనిపిస్తే అదే కారణం. వాననీరు డ్రమ్ముల్లో పట్టి మూతపెట్టి వాడండి. లేదా నెలకోసారి మంచినీటితో కుండీ అడుగునుంచి ధారగా కారేదాకా తడపండి.

వాన తగలని ఆకుల మీద దుమ్ము చేరి ఎర్రనల్లి, పిండినల్లి తొందరగా పడతాయి. వారానికోసారి ఆకుల అడుగు వైపు నీళ్లు కొట్టి కడిగితే సగం బెడద పోతుంది. మిగిలినదానికి లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి, సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. కుండీల కింది పళ్లేల్లో నీరు వారం మించి నిలవనివ్వకండి. దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో పిల్ల దోమ ఎగిరిపోతుంది. మెష్ ఎంత మంచిదైనా దోమ లోపలే పుడితే ఏం లాభం?

కూరగాయల నారుకి తూర్పు కిటికీ మంచిది. గుంతల ట్రేలో కోకోపీట్ నింపి, టమాటా, వంగ, మిరప విత్తనాలు పావు అంగుళం లోతున వేయండి. టమాటా వారంలో మొలుస్తుంది, మిరపకి ఇంకో నాలుగైదు రోజులు. 25 నుంచి 30 రోజుల నారుని పెరట్లో నాటే ముందు వారం రోజులు రోజూ కొన్ని గంటలు బయట పెట్టి ఎండకి అలవాటు చేయాలి.

సామాన్ల మాటకొస్తే, నవారు మంచం, పేము కుర్చీ, ప్లాస్టిక్ కుర్చీ నిలుస్తాయి. ప్లైవుడ్ ఉబ్బుతుంది, రెక్సిన్ చీలుతుంది. ఊరగాయ జాడీలు, నెయ్యి, మందులు, ఇన్వర్టర్ బ్యాటరీ ఇక్కడ పెట్టకండి. చదువుకునే బల్ల ఉత్తరపు అద్దం పక్కన పెట్టండి. గదిలోని కరెంటు ప్లగ్గులకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. తడి చేతులు, తడి నేల ఉన్న చోటు కదా.

కొబ్బరి చెట్టు, తుఫాను

అద్దాల గది మీదికి వాలిన కొబ్బరి చెట్టుంటే రెండు నెలలకోసారి దింపు తీయిస్తూ, ఎండు మట్టలు కూడా లాగించేయండి. ఒక్క కాయ చాలు, కప్పు అద్దం పోవడానికి. కొత్తగా కప్పుకి అద్దం వేయించేవాళ్లు లామినేటెడ్ అద్దమే వేయించండి. పగిలినా పొరకి అతుక్కుని ఉంటుంది, తలమీద పడదు.

1996 నవంబరు తుఫాను కోనసీమలో కొబ్బరి తోటల్నే నేలకూల్చింది. హెచ్చరిక వచ్చిన రోజునే షేడ్‌నెట్లు, తెరలు విప్పేయండి. అవి తెరచాపలా గాలిని పట్టి ఫ్రేముని లాగేస్తాయి. వేలాడే కుండీలు దించి హాల్లో పెట్టండి. లూవర్లతో సహా అన్నీ మూసి గడియలు వేయండి. రేకు మరల్లో వదులైనవి బిగించండి. అద్దానికి అడ్డంగా నిలువుగా టేపు అంటిస్తే దాని బలం పెరగదు. పెద్ద పలకలకి బయట 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిగించడమే రక్ష. గాలి మొదలయ్యాక ఆ గదిలోకి ఎవరూ వెళ్లకూడదు, మధ్య తలుపు గట్టిగా మూసి ఉంచాలి.

గాలి తగ్గాక, అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరున్నవాళ్లు అద్దాలూ ఫ్రేములూ పట్టాలూ పైనుంచి కిందికి మంచినీళ్లతో కడగాలి. ఉప్పుగాలి వదిలిన పొర మరల తలల దగ్గర నిలిచి, ఇనుప మర ఉన్న చోట అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది. తుప్పు పట్టిన మరని మారిస్తే స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం అడగండి. సముద్రానికి దూరంగా ఉంటే 304 చాలు. ఫ్రేము పూర్తిగా ఆరాకే షేడ్‌నెట్ మళ్లీ కట్టండి. తడి మీద కడితే ముడుల కింద ఉప్పునీరు నిలుస్తుంది.